నాన్నగారి పాటలకి మ్యూజిక్‌బీ

గాజువాక మిత్రమా, నాన్నగారి సీడీల నుంచి ఎక్కించిన పాటలన్నీ ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అని కనిపిస్తున్నాయని, పాత విండోస్ ల్యాప్‌టాప్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మేలని అడిగారు కదా. వీఎల్‌సీ వినడానికి బాగుంటుంది, సర్దడానికి కాదు. మ్యూజిక్‌బీ వేసుకోండి, ఉచితమే. ఒక సినిమా పాటలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఆల్బమ్ పేరు, సంవత్సరం కొట్టేయొచ్చు. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో మాత్రం సంగీత దర్శకుడి పేరే పెట్టండి. అది ఖాళీగా వదిలేసి గాయకుల పేర్లు మాత్రమే నింపితే, ఒకే సినిమా నాలుగైదు ముక్కలై కూర్చుంటుంది. ఎంవీపీ కాలనీలో మా మామయ్య పాటలు సర్దినప్పుడు ఇది తెలియక రెండు ఆదివారాలు పోయాయి నాకు!

పికార్డ్ అని ఇంకోటుంది, పాట ధ్వనిని బట్టి పేరు పట్టేస్తుంది. పాత తెలుగు పాటలైతే చాలాసార్లు చేతులెత్తేస్తుంది. ఏది వాడినా ముందు మొత్తం ఫోల్డర్‌ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.