థీసిస్ టాపిక్ మీ ఇంట్లోనే ఉంది

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది పలాస దగ్గర పల్లె. బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) నాలుగేళ్లూ పూర్తయి ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. ఎంఓటీ (అందులోనే పీజీ) చేయాలని ఉంది. నాన్న మాత్రం ‘ఈ కోర్సు పేరు మన ఊళ్లో ఎవరికీ తెలీదు, నువ్వు డాక్టరువా, ఫిజియోవా?’ అంటారు. మేనమామ అప్పు చేసైనా అమెరికా పంపిస్తానంటున్నాడు. సీనియర్లేమో ‘పీడియాట్రిక్స్ తీసుకో, ఆటిజం సెంటర్లలో వెంటనే ఉద్యోగం’ అంటున్నారు. నాకు స్టాటిస్టిక్స్ అంటే భయం. థీసిస్ అన్న మాట వింటేనే టెన్షన్. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి తొందరగా స్థిరపడాలి. వెంటనే ఎంఓటీలో చేరనా, ఉద్యోగం చూసుకోనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారి మాటకు జవాబు చెబుతాను. అది తేలకపోతే ఇంట్లో నీకు మనశ్శాంతి ఉండదు.

ఆక్యుపేషనల్ థెరపీ మొన్న పుట్టిన కోర్సు కాదు. అమెరికాలో పుట్టి మన దేశానికి కోడలిగా వచ్చిన కమలా నింబ్కర్ 1950లోనే బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో దీనికి స్కూలు పెట్టారు. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు దాన్ని స్థాపించిన పది దేశాల్లో మనదీ ఒకటి. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కిందికి మన వృత్తి కూడా వచ్చింది. ఇవన్నీ నాన్నగారికి చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు: ‘పక్షవాతం వచ్చినాయన చెయ్యి కదిలేలా చూడటం ఒక పని. ఆ చేత్తో ఆయన మళ్లీ చొక్కా తొడుక్కునేలా, బావిలో నీళ్లు తోడేలా, కొట్లో కూర్చుని చిల్లర లెక్కపెట్టేలా చేయడం నా పని.’ మా నాన్నకు నేను ఇలాగే చెప్పాను. రెండోసారి అడగలేదు.

ఇక ఇప్పుడే చేరాలా, ఆగాలా అన్న సంగతి. నా మాట వింటే కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు పేషెంట్ల మధ్య పని చేసి అప్పుడు చేరు. ఇంటికి జీతం అవసరం కాబట్టి చెబుతున్నాననుకోకు. ఆ అవసరం లేకపోయినా ఇదే చెప్పేదాన్ని. ఎంఓటీ రెండేళ్లూ నువ్వు అడిగిన ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. చేతిలో ప్రశ్న లేకుండా వెళ్తే గైడ్ ఏది ఇస్తే అదే తీసుకుంటావు. ఆ టాపిక్‌తో రెండేళ్లు కాపురం చేయడం కష్టం.

నా సంగతే చెబుతాను. బీఓటీ అయ్యాక కాకినాడలో రెండేళ్లు పనిచేశాను. అక్కడికి కోనసీమ నుంచి ఒకావిడ వచ్చేది. యాభై ఎనిమిదేళ్లుంటాయి, కుడివైపు పక్షవాతం. మూడు నెలలకు చెంచాతో సొంతంగా తినడం మొదలుపెట్టింది. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లో తినడం అనే అంశానికి పదికి పది వేసి సంతోషపడ్డాను. ఆవిడ ముఖంలో మాత్రం సంతోషం లేదు. ‘అన్నం కలుపుకోకుండా తింటే తిన్నట్టే ఉండదమ్మా’ అంది. మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో భోజనాల బంతిలో కూర్చోలేదట, లోపల గదిలో తినేసి వచ్చిందట. ఆ రాత్రి స్కేలు మళ్లీ తీసి చదివాను. సాయం కావాల్సిన పనులకు అందులో ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? ముక్కలు కోయడం, వెన్న రాయడం. 1965లో అమెరికాలో రాసిన స్కేలు అది. అక్కడివాళ్ల భోజనానికి సరిపోయేలా రాసుకున్నారు, వాళ్ల తప్పేం లేదు. పప్పూ అన్నం కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి నెట్టే పనిని కొలవాల్సింది మనమే కదా.

ఆ ప్రశ్న పట్టుకుని ఎంఓటీకి వెళ్లాను. చదివింది తమిళనాడులో. అక్కడా చేత్తోనే తింటారు కాబట్టి ప్రశ్న నాతోపాటే వచ్చింది. ముందు తడి ఇసుక, తర్వాత నానబెట్టిన అటుకులు, చివరికి పప్పన్నం, ఈ వరసలో సాధన చేయించాను. ఐదు నిమిషాల్లో ఎన్ని ముద్దలు నోటిదాకా చేరాయి, ఎన్ని మెతుకులు కింద పడ్డాయి అని లెక్కపెట్టాను. స్టాటిస్టిక్స్ భయం నాకూ ఉండేది. కానీ ఆ అంకెలు మెతుకులవని తెలిశాక వాటిని చూస్తే భయం వేయలేదు. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, చూసి చెప్పే స్టాటిస్టీషియన్ ఉంటారు. ఏది లెక్కపెట్టాలో తెలిసి ఉండాల్సింది మాత్రం నువ్వే.

నేను చేసిన పొరపాటు కూడా విను. నలభై మంది పేషెంట్లతో చేస్తానని సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) రాశాను, ఇరవై ముగ్గురే దొరికారు. పది రోజులకే డిశ్చార్జి అయి ఊళ్లకు వెళ్లిపోయేవాళ్లు. వారానికి మూడుసార్లు రమ్మంటే బస్సు చార్జీలు ఎవరిస్తారు? వరి కోతల నెలలో అయితే ఒక్కరూ రాలేదు, తీసుకొచ్చే కొడుకులు పొలంలో ఉన్నారు మరి. అందుకే టాపిక్ ఖాయం చేసే ముందు ఓపీలో రెండు వారాలు నిలబడి, అలాంటి పేషెంట్లు ఎంతమంది వస్తున్నారో, ఎంతమంది తిరిగొస్తున్నారో నోట్‌బుక్‌లో రాసుకో. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కొలత కూడా తీసుకోకూడదు. చికిత్స ఇచ్చి పోల్చే అధ్యయనమైతే మొదటి పేషెంటును చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ) నమోదు చేయాలి. ఇవి రెండూ మొదటి ఏడాదిలోనే అయిపోయేలా చూసుకుంటే రెండో ఏడాది ఊపిరి ఆడుతుంది.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం దగ్గరికి వస్తాను. ‘అమ్మ పిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. మీ అమ్మ చేతులు ఎప్పుడైనా థెరపిస్టుగా చూశావా? జీడి పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్లు నల్లబడతాయి. చాలామంది చేతికి బూడిదో ఆముదమో రాసుకుని పని చేస్తారు. గ్లవ్స్ ఇస్తే ఎందుకు తీసేస్తారో మనం బయట నుంచి ఊహించలేం. కిలో లెక్కన కూలి వచ్చేచోట వేలి కొసలకు స్పర్శ తెలియకపోతే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే కూలి తగ్గుతుంది. పనిని విడదీసి చూడటమని మనం తరగతిలో నేర్చుకున్నది ఇదే. కూర్చునే తీరు, మణికట్టు వంపు, ఒక పిక్కకు వేళ్లు ఎన్నిసార్లు కదులుతాయి, సాయంత్రం ఇంటికొచ్చాక పిల్లకు జడ వేయగలుగుతోందా లేదా. పట్టు బలం కొలవడానికి డైనమోమీటర్, వేళ్ల నేర్పుకు నైన్ హోల్ పెగ్ టెస్ట్ ఉన్నాయి. రోజువారీ పనుల్లో ఏది తనకు ముఖ్యమో, ఎంత బాగా చేయగలుగుతోందో, దాంతో ఎంత తృప్తిగా ఉందో ఆమే పదికి మార్కులు వేసే సీఓపీఎం ఉంది. ఆ అడగడం మాత్రం మీ అమ్మ భాషలో, నీ నోటితో జరగాలి. పరాయి ఊరి నుంచి వచ్చే నాలాంటి దానికి ఆ ఆడవాళ్లు చేతులు చూపించరు. నీకు చూపిస్తారు.

అది కుదరకపోతే మీ పక్కనే ఉద్దానం ఉంది. డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లు ఆ రోజంతా పడే నీరసం నువ్వు చూసే ఉంటావు. ఉన్న కాస్త ఓపికను ఏ పనికి ఖర్చుపెట్టాలి, ఏ పని కూర్చుని చేయొచ్చు, ఏది మర్నాటికి వాయిదా వేయొచ్చు అని నేర్పడం అచ్చంగా మన పనే. పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా ఉంది కదా.

పీడియాట్రిక్స్ గురించి. పిల్లలతో గంటలు నేల మీద కూర్చోవడం నీకు ఇష్టమైతే తప్పకుండా తీసుకో. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు మంచి థెరపిస్టులు చాలా అవసరం. జీతం కోసం మాత్రమే అయితే వద్దు. రోజుకు తొమ్మిది మంది పిల్లల్ని ముప్పావు గంటకొకరు చొప్పున చూసి, అందరినీ అదే ఊయల ఎక్కించి దించే సెంటర్లో నేను కొన్నాళ్లు పనిచేశాను. స్పర్శ, కదలిక లాంటి అనుభూతులను మెదడు సమన్వయం చేసుకునేలా సాయపడే సెన్సరీ ఇంటిగ్రేషన్‌కు పునాది వేసిన జీన్ ఏయర్స్ ఒక్కో బిడ్డను ఎంత నిదానంగా గమనించమన్నారో పుస్తకంలో చదివి, మర్నాడు ఆ ఊయల దగ్గర నిలబడాలంటే కడుపులో దేవినట్టుండేది. ఏడాది తిరక్కుండా మానేశాను.

సీట్ల విషయానికొస్తే, మన దగ్గర ఫిజియోథెరపీ కాలేజీలు దొరికినంత సులువుగా ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) కాలేజీలు దొరకవు. ఎంఓటీకి బయటి రాష్ట్రం వెళ్లక తప్పదనే అనుకో. మీ ఊరికి దగ్గర కటక్ వైపు ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ సంస్థ. కోల్‌కతా, ఢిల్లీలలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ముంబై హాజీ అలీలో ఉన్నది కూడా కేంద్రానిదే. వెల్లూరు సీఎంసీకి ఇంకో చరిత్ర ఉంది: కుష్ఠు వల్ల ముడుచుకుపోయిన చేతులకు డాక్టర్ పాల్ బ్రాండ్ ఆపరేషన్లు చేసింది అక్కడే. చేతి మీద ఆసక్తి ఉంటే ఆ సంస్థ గురించి చదువు. ఏ కాలేజీకైనా ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడుగు: గైడ్ ఎవరు, ఆయన కింద ఎంతమంది పీజీలు, వార్డులో రోజుకు ఎంతమంది పేషెంట్లు. స్టైపెండ్ ఎంతో కూడా మొహమాటం లేకుండా అడుగు.

అమెరికా సంగతి మేనమామగారికి ఇలా చెప్పు. అక్కడ 2007 నుంచి ఆక్యుపేషనల్ థెరపిస్టు (వాళ్లనూ ఓటీ అనే అంటారు) కావాలంటే మాస్టర్స్ స్థాయి చదువే మొదటి మెట్టు. ఆపైన అక్కడి జాతీయ సర్టిఫికేషన్ బోర్డు పెట్టే ఎన్‌బీసీఓటీ పరీక్ష, ఆ తర్వాత రాష్ట్ర లైసెన్సు. మాస్టర్స్ అన్న పేరుతో అక్కడ రెండు రకాల కోర్సులున్నాయి. ఒకటి కొత్తగా ఓటీ అయ్యేవాళ్లకు, అందులో కనీసం 24 వారాల ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. రెండోది ఇప్పటికే ఓటీ అయినవాళ్లకు. ఈ రెండో దాంట్లో చేరినంత మాత్రాన పరీక్షకు అర్హత దానంతట అది రాదు, విదేశాల్లో చదివినవాళ్ల డిగ్రీలను విడిగా పరిశీలిస్తారు. కాబట్టి అప్పు కాగితం మీద సంతకం పెట్టకముందే నీ బీఓటీ కాలేజీకి ప్రపంచ సమాఖ్య గుర్తింపు ఉందో లేదో చూసుకుని, అర్హత నిబంధనలు ఎన్‌బీసీఓటీ వెబ్‌సైట్‌లో నువ్వే చదువు. ఏజెంటు మాట మీద వెళ్లొద్దు.

ఈసారి సెలవుకి ఇంటికెళ్లినప్పుడు అమ్మతో ఒకరోజు ఫ్యాక్టరీకి వెళ్లు. పక్కన కూర్చుని చూసి, చూసినవి నాకు రాయి.

ప్రశ్న: నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేశాను. చేతి చికిత్స మీద ఇష్టంతో ఎంఓటీ చేద్దామనుకుంటున్నాను. సీటు వస్తుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రాదండీ. మన దేశంలో ఎంఓటీకి బీఓటీ ఉండి తీరాలి. మీ ఇష్టం చేతి మీదే అయితే ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ)లో ఆర్థో తీసుకుని, థీసిస్ చేతి గాయాల మీద చేయండి. హ్యాండ్ సర్జన్ ఉన్న ఆసుపత్రిలో పోస్టింగ్ దొరికేలా చూసుకోండి. అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంటే ఆవిడ స్ప్లింట్ (చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే పట్టీ) చేసేటప్పుడు పక్కన నిలబడండి. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటు గట్టిపడేలోగా, ఆ కొద్ది నిమిషాల్లోనే పేషెంటు చేతికి తగ్గట్టు వంచాలి. అది చూసి చేతితో చేస్తేనే వస్తుంది.