మళ్లీ మళ్లీ మడిచే బట్టలు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఇంటిపనంతా నాదే. చేసే పని మీద మనసు పెడితే తృప్తి దొరుకుతుందని చదివి మూడు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. గిన్నెలు తోముతున్నా, బట్టలు మడతపెడుతున్నా మనసు నిలవడం లేదు. రెండేళ్ల కిందట మా అక్క అందరి ముందు, ‘దానికేం, ఇంట్లోనే కదా, తీరికే తీరిక’ అంది. అదే గుర్తొస్తుంది. ఏ ధ్యానం మంచిది? పొద్దున చేయాలా, సాయంత్రమా? ఎన్ని నిమిషాలు?

జవాబు: పొద్దునా సాయంత్రమా అన్నది వదిలేయండి. ఎప్పుడు కూర్చున్నా మీ పక్కన అక్క వచ్చి కూర్చుంటుంది. ఉత్తరాన్ని ఇక్కడ కుదించాను కానీ, మీరు రాసిన రెండు పేజీల్లో అక్క ఏడుసార్లు వచ్చింది.

మనసు అటూ ఇటూ పోవడం జబ్బేమీ కాదు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని రోజులో మధ్యమధ్య ఫోన్‌లో పలకరించి, ‘ఏం చేస్తున్నారు, మనసెక్కడుంది’ అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పనిలో లేదు. అలా లేనప్పుడు సంతోషమూ తక్కువే. అందరి మనసూ తిరిగేదే. మీ మనసు మాత్రం ఎటూ తిరగకుండా రెండేళ్లుగా ఒక్క గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

అంచుకు అంచు కలిసేదాకా బట్టల మడతలు విప్పి మళ్లీ మడుస్తానని రాశారు. ఎవరు చూడాలని? అక్కకు చెప్పలేని జవాబు ఆ మడతల్లో చెబుతున్నారు. ఆవిడ చూడదు, విసుగు మీకు మిగులుతుంది. ఇంటిపనిని చులకన చేసే మాట వింటే నాకూ మండుతుంది. కానీ అమ్మా, ఆ మాటను మీరూ కొంత నమ్మారేమో చూసుకోండి. నమ్మకపోతే రోజూ ఇంత వాదన దేనికి?

పెద్దదానికి ఎదురు ఎలా చెప్పను అంటారేమో. పెద్దరికానికి గౌరవం ఇవ్వాల్సిందే. బాధ కలిగితే కలిగిందని చెప్పడం ఎదిరించడం కాదు. ఈ వారంలోనే ఫోన్ చేయండి. రోజుకెన్ని గంటలు చాకిరీ చేస్తారో లెక్క అప్పజెప్పకండి. ‘అక్కా, ఆ రోజు అందరి ముందు నువ్వన్న మాటకు చాలా బాధపడ్డాను. ఇంకెప్పుడూ అలా అనకు.’ అంతవరకే. మెసేజ్ వద్దు, జవాబు కోసం ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. ఆవిడ నొచ్చుకుంటుందో కసురుకుంటుందో ఆవిడ ఇష్టం.

ఇక పనుల సంగతి. రోజుకు ఒక్క పని చాలు, గిన్నెలే కానివ్వండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. వేళ్లకు నీళ్లు చల్లగా తగులుతున్నాయా, గోరువెచ్చగానా చూడండి. జిడ్డు వదిలాక గిన్నె వేలి కింద కిర్రుమంటుంది, అది వినండి. అక్క గుర్తొస్తే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ‘మళ్లీ అక్క’ అనుకుని చేతిలో గిన్నె దగ్గరికి వచ్చేయండి. ఇరవైసార్లు పోతే ఇరవైసార్లూ రండి.

బట్టలు మాత్రం ఓ నెలపాటు ఒక్కసారే మడవండి. అంచులు కలవకపోయినా అలాగే బీరువాలో పెట్టేయండి.