చిన్న ఆవిరి ఇంజిన్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి మొత్తం చదివాను అమ్మాయీ. ఇంట్లో ఒక గదిని వర్క్‌షాప్ చేసుకుని, మధ్య దూరం, అంటే గేజ్, మూడున్నర అంగుళాలున్న పట్టాల మీద నిజంగా బొగ్గుతో, ఆవిరితో నడిచే ఇంజిన్ కడుతున్నావు. ఆ పనినే పుస్తకంగా రాస్తున్నావు. చేతిపని బాగా వచ్చినవాళ్లు సాధారణంగా రాయరు. రాసేవాళ్లలో చాలామందికి చేతిపని రాదు. నీకు రెండూ ఉన్నాయి కాబట్టి మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను.

మొదటి అధ్యాయం తీసెయ్. అందులో పూర్తయిన ఇంజిన్ ఆవిరి చిమ్ముకుంటూ తిరుగుతోంది, చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఆ ఇంజిన్‌కి ఇంకా బాయిలరే పూర్తికాలేదు కదా! నీ పుస్తకం తెరిచే మనిషి ముందు బల్ల మీద ఒక ఉక్కు ప్లేటు ఉంది. దాన్ని ఎక్కడ కోయాలో తెలియక ఆ మనిషి టెన్షన్ పడుతున్నాడు. నేరుగా ఆ బల్ల దగ్గరికి వెళ్లు. రెండో అధ్యాయంలో ఫ్రేముల పని, అంటే ఇంజిన్‌ను మోసే రెండు పక్క ప్లేట్ల పని ఉంది చూడు, పుస్తకం అక్కడే మొదలవ్వాలి.

నేను చెప్పదలచుకున్న అసలు మాట కూడా ఆ ఫ్రేముల దగ్గరే ఉంది. "3 మిల్లీమీటర్ల ప్లేట్లు రెండూ కలిపి బిగించి రంధ్రాలు ఒకేసారి వేయాలి" అని రాశావు. నిజమే. కానీ ఎందుకు కలపాలో చెప్పలేదు. రెండూ కలిపి వేసినప్పుడు రంధ్రం గీత మీద నుంచి కాస్త జరిగినా, రెండు ప్లేట్లలోనూ ఒకే వైపుకి, ఒకే మేర జరుగుతుంది. ఇరుసు మాత్రం ఫ్రేములకు సరిగ్గా లంబంగానే కూర్చుంటుంది. జరిగిన దూరానికి తగ్గట్టు, చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్లను తర్వాత చేసుకోవచ్చు. విడివిడిగా వేస్తే ఒక రంధ్రం ముందుకీ ఇంకొకటి వెనక్కీ పోయి ఇరుసు వంకరపడుతుంది. ఆ వంకరను తర్వాత ఏ పనితోనూ దాచలేం. ఈ కారణం తెలిస్తే, నీ దగ్గరున్న మెషిన్ లేనివాళ్లు కూడా తమ దారి తాము వెతుక్కుంటారు. తెలియకపోతే నీ వాక్యాన్ని మంత్రంలా పాటిస్తారు. మంత్రం పనిచేయని చోట పని ఆపేస్తారు. ప్రతి కొలత పక్కనా దాని కారణం ఉండాలి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ ఈ మాట చుట్టూ తిరిగేవే.

చక్రాలను ఇరుసులకు బిగించే చోటు చూడు. పిస్టన్ తోపును చక్రానికి అందించే ఎడమ వైపు క్రాంకుకూ కుడి వైపు క్రాంకుకూ మధ్య 90 డిగ్రీలు ఉండాలని మూడుసార్లు హెచ్చరించావు. ఒక పిస్టన్ కొసకు చేరి ఇక తోయలేని క్షణంలో రెండోది పూర్తి బలంతో తోస్తూ ఉండాలి, 90 డిగ్రీలు అందుకు. అయితే అది 89 అయినా ఇంజిన్ హాయిగా నడుస్తుంది. కచ్చితంగా ఉండవలసింది వేరే ఉంది: మొదటి ఇరుసుకు 89 వస్తే మిగతా ఇరుసులకూ అదే 89 రావాలి. లేకపోతే కప్లింగ్ రాడ్లు ప్రతి చుట్టులోనూ పట్టేస్తాయి. అందుకే అన్ని ఇరుసులనూ ఒకే జిగ్‌లో, అంటే కోణం మారకుండా పట్టి ఉంచే చట్రంలో పెట్టి బిగించాలి. నీ వాక్యం చదివినవాళ్లు కోణమానిని పట్టుకుని 90 కోసం రాత్రంతా కూర్చుంటారు, అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో మాత్రం చూడరు. ఎక్కడ పట్టుదలగా ఉండాలో, ఎక్కడ చూసీచూడనట్టు పోవచ్చో చెప్పడం రచయిత బాధ్యత. అన్ని కొలతలనూ ఒకే గొంతుతో చెబితే కొత్తవాళ్లు అన్నిటికీ సమానంగా భయపడతారు.

ఉక్కు కడ్డీ ఒక వైపు చెక్కగానే వంగిపోయిందని రాసి, వెంటనే తర్వాతి పనిలోకి వెళ్లిపోయావు. అక్కడ ఇంకో పేరా రాయి. చల్లగా ఉండగానే రోలర్ల మధ్య నొక్కి తయారుచేసిన మెరుపు ఉక్కులో పై పొరల్లో బిగువు దాగి ఉంటుంది. ఒక వైపు పొర తీసేస్తే రెండో వైపు బిగువుకు పోటీ ఉండదు, కడ్డీ వంగుతుంది. రెండు వైపులా కొంచెం కొంచెంగా చెక్కాలన్న నీ సలహా ఇది చదివాక ఎవరికీ మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇక బాయిలర్ అధ్యాయం. పుస్తకానికి గుండెకాయ ఇదే. నువ్వేమో దీన్ని అన్నిటికన్నా హడావిడిగా రాశావు.

పెద్ద ఇంజిన్ డ్రాయింగును 16తో భాగిస్తే చిన్న ఇంజిన్ వస్తుందని మొదటి పేజీల్లో అన్నావు. ఫ్రేములకు, చక్రాలకు ఆ లెక్క చాలావరకు చెల్లుతుంది. 1435 మిల్లీమీటర్ల గేజ్ మూడున్నర అంగుళాలకు దిగుతుంది, ఆరడుగుల చక్రం నాలుగున్నర అంగుళాలవుతుంది. కానీ పొడవు 16 వంతులు తగ్గితే ఉపరితలం 256 వంతులు, ఘనపరిమాణం 4096 వంతులు తగ్గుతుంది. 60 టన్నుల ఇంజిన్ లెక్క ప్రకారం 15 కిలోలకు కాస్త తక్కువకు దిగుతుంది. లోపలున్న నీటితో పోలిస్తే చల్లారే పైభాగం పెద్ద ఇంజిన్‌లో కన్నా 16 రెట్లు ఎక్కువ. చిన్న సిలిండర్లలోకి వెళ్లిన ఆవిరి వెంటనే నీరైపోవడానికి, సిలిండర్లు వేడెక్కేదాకా నీటిని బయటికి వదిలే డ్రెయిన్ కాక్‌లు తెరిచి ఉంచడానికి కారణం ఇదే. నీరు నొక్కుకుపోదు కాబట్టి, పిస్టన్‌కూ మూతకూ మధ్య అది ఇరుక్కుంటే విరిగేది లోహమే.

గొట్టాల సంగతీ అంతే. పెద్ద బాయిలర్‌లో 48 మిల్లీమీటర్ల పొగ గొట్టాన్ని 16తో భాగిస్తే 3 మిల్లీమీటర్లు వస్తుంది. బూడిద రేణువు మాత్రం మన కోసం చిన్నదవదు. అంత సన్నని గొట్టం కాసేపట్లోనే పూడుకుపోతుంది. అందుకే 9, 10 మిల్లీమీటర్ల గొట్టాలు తక్కువ సంఖ్యలో వేస్తారు. నిప్పు, నీరు, ఆవిరి స్కేలు పాటించవని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. నీ పుస్తకంలో అత్యంత ఆసక్తికరమైన విషయం ఇదే అని నా గట్టి నమ్మకం. బయటినుంచి చూస్తే పెద్ద ఇంజిన్‌కు అచ్చమైన నకలు, లోపల తన కొలతలు తానే ఎంచుకున్నది. ఈ రెంటి మధ్య పెనుగులాటను నువ్వు ఇంకా రాయలేదు.

దీని మీద ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. 1920ల్లో ఇంగ్లండ్‌లో చిన్న ఇంజిన్లకు స్పిరిట్ దీపాలతో కాగే బాయిలర్లే తగినవని పేరున్న డిజైనర్లు అనేవారు. ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసే ఒక వ్యక్తి, పెద్ద ఇంజిన్ తరహాలోనే గొట్టాలున్న బాయిలర్ పెట్టి, బొగ్గు వేసి, రెండున్నర అంగుళాల గేజ్ ఇంజిన్‌తో మనుషుల్ని లాగించి చూపించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పత్రికల్లో కొత్తవాళ్ల కోసం ఒక్కొక్క భాగం ఎలా చేయాలో రాశాడు. ఆయన శైలిని అనుకరించమని అనడం లేదు. చేసి చూసిన పనినే రాశాడు, చదివేవాళ్ల దగ్గర తక్కువ పనిముట్లే ఉంటాయని గుర్తుంచుకుని రాశాడు. ఆ రెండూ నేర్చుకో.

బాయిలర్ తయారీ సూచనల్లో వరుస మార్చాలి. అతుకు వేయమని ముందు చెప్పి, పొగ గురించి పక్క పేజీలో హెచ్చరించావు. చదువుతూ పని చేసేవాళ్లు హెచ్చరిక చేరేసరికి ఆ పొగ పీల్చేసి ఉంటారు. కొన్ని పాత రకాల వెండి టంకాల్లో కాడ్మియం ఉంటుంది, దాని పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. కాడ్మియం లేని రకమే వాడాలని, గాలి ఆడేచోటే పని చేయాలని టార్చ్ వెలిగించకముందే చెప్పు. అతుకులు శుభ్రం చేసే ఆమ్లపు తొట్టి గురించి కూడా అంతే: నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఈ వాక్యం ఆ పేజీలో మొట్టమొదట ఉండాలి.

మామూలు టంకం ఎందుకు వాడకూడదో ఒక్క లెక్కతో చెప్పొచ్చు. చదరపు అంగుళానికి 100 పౌండ్ల పీడనంలో ఆవిరి వేడి దాదాపు 170 డిగ్రీల సెల్సియస్. సీసం, తగరం కలిసిన టంకం 183 దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. నీటి మట్టం కాస్త తగ్గితే ఆ 13 డిగ్రీల తేడా ఎంతసేపు నిలుస్తుంది? వెండి టంకం కరగడానికి 600 డిగ్రీలు దాటాలి, రాగి 1085 దాకా కరగదు. మన పని అంతా ఆ రెండు అంకెల మధ్య జరుగుతుంది.

పీడన పరీక్ష గురించి నీ రెండు వాక్యాలు చాలవు. గుండ్రటి పీపా పీడనాన్ని తనంతట తానే తట్టుకుంటుంది, నిప్పు ఉండే ఫైర్‌బాక్స్ చదునైన గోడలు ఉబ్బుతాయి, వాటిని స్టేలనే అడ్డకడ్డీలే పట్టి ఉంచుతాయి. అందుకే పరీక్షలో ముందు చూడవలసింది చదును గోడలనే. కొత్త బాయిలర్‌ను పని పీడనానికి రెట్టింపు దాకా చల్లటి నీటితోనే పరీక్షించాలి, గాలితో ఎప్పుడూ వద్దు. నీరు దాదాపుగా నొక్కుకుపోదు, అతుకు విడితే కాస్త నీరు కారి పీడనం పడిపోతుంది. నొక్కిన గాలి మాత్రం తనలో దాచుకున్న బలమంతా ఒక్కసారిగా బయటపెడుతుంది. బాయిలర్లు పరీక్షించే అనుభవం ఉన్నవాళ్లకు చూపించకుండా నిప్పు వేయొద్దని కూడా గట్టిగా రాయి. ఇక్కడ మెత్తగా మాట్లాడకు. ఇంకొకరి ముఖానికి అడుగు దూరంలో ఉండబోయే వస్తువు ఇది.

ఈ అధ్యాయంలో నువ్వు గొప్పగా రాసిన చోటు కూడా చెప్పాలి. టంకం శుభ్రంగా పట్టడానికి పూసే ఫ్లక్స్ ముందు పొంగి, తెల్లగా గట్టిపడి, తర్వాత నీళ్లలా తేరుకోవడం, అప్పుడు టంకపు కడ్డీని మంటకు కాకుండా అతుకుకే తాకించడం, అది వేడి ఎటుంటే అటు పరుగెత్తడం. చదువుతుంటే నా చేతులు కదిలాయి. అందులో ఒక్క పొగడ్త మాట లేదు, "అద్భుతం" లేదు, "మనోహరం" లేదు. కన్ను ఏం చూసిందో, చేయి ఏం చేసిందో అంతే ఉంది. పుస్తకమంతా అలా రాయి.

సిలిండర్లలోకి ఆవిరి ఎప్పుడు వెళ్లాలో నడిపే వాల్వ్ గేర్ అధ్యాయం బాగుంది. వాల్‌షార్ట్స్ జీవితచరిత్ర మాత్రం రెండు పేజీలు అక్కర్లేదు. బెల్జియంవాడు, 1844లో ఆ అమరికను కనిపెట్టాడు, చాలు. లింకులు ఎలా కదులుతాయో మాటలతో చెప్పబోయి అలసిపోయావు, చదివి నేనూ అలసిపోయాను. అక్కడ బొమ్మ వెయ్యి. బొమ్మ చెప్పలేనిది ఏదో, పిన్ను ఎంత వదులుగా ఉండాలి, ఏది ముందు బిగించాలి లాంటివి, మాటలకు వదిలిపెట్టు.

పైపై వివరాల దగ్గర నాకు ఒక అనుమానం ఉంది. రివెట్ల తలలు, పైపుల వంపులు, క్యాబ్ కిటికీ చట్రాలు, అన్నీ ప్రేమగా చేశావు, నిజమే. అయితే అవి ఏ సంవత్సరపు ఇంజిన్‌వి? పెద్ద ఇంజిన్లు మరమ్మతుకు వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి మారేది. బాయిలర్లు ఒకదానివి ఇంకొకదానికి వెళ్లేవి, దీపాలు, పంపులు, పైపులు చోటు మారేవి. వేర్వేరు ఏళ్ల ఫోటోలు చూసి నచ్చిన వివరాలన్నీ ఒకే ఇంజిన్ మీద పెడితే, అలాంటి ఇంజిన్ పట్టాల మీద ఏ రోజూ తిరిగి ఉండదు. ఒక నంబరు, ఒక సంవత్సరం ఎంచుకో, దానికి కట్టుబడు, ఆ నిర్ణయం ఎలా తీసుకున్నావో పుస్తకంలో చెప్పు.

లేత్ పక్కనే ఒక నోటుపుస్తకం ఉంచుకో. నూనె మరకలు పడితే పడనీ. చెక్కేటప్పుడు శబ్దం ఎలా మారిందో, కడ్డీ ఎప్పుడు కూతపెట్టిందో ఆ క్షణంలోనే గీకి పెట్టుకో. సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుంటే పని నిజానికన్నా సులువుగా జరిగినట్టు అనిపిస్తుంది, రాతలో కూడా ఆ అబద్ధపు సులువే వస్తుంది.

ఇంజిన్‌ను మొదట గాలితో నడిపిస్తావు కదా, ఆ రోజు రాసుకోవలసింది శబ్దమే. రెండు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు దెబ్బలు వినిపించాలి, నాలుగూ సమానంగా. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా వస్తే ఏ వాల్వ్ ఎటు జరపాలో రాయి. ఆవిరి మీద నడిచే అధ్యాయం మాత్రం ఆవిరి మీద నడిచాకే రాయి. గాలి మీద చక్కగా తిరిగిన ఇంజిన్ వేడికి ఉబ్బి పట్టేయొచ్చు, గాలి కదిలించని నూనెను ఆవిరి కడిగేయొచ్చు. ముందే ఊహించి రాసిన పేజీలు ఉంటే పక్కన పెట్టెయ్.

ముందు బాయిలర్ అధ్యాయం తిరగరాసి పంపు, మిగతావి ఆగొచ్చు. పొగ చేరే స్మోక్‌బాక్స్ బొమ్మలో, వాడిన ఆవిరిని పైకి చిమ్మే బ్లాస్ట్ నాజిల్ నుంచి చిమ్నీ మొదలు దాకా ఎత్తు వేయలేదు. నిప్పు గాలిని లాగేది ఆ దూరాన్ని బట్టే. అది కొలిచి, చిమ్నీ లోపలి వ్యాసంతో కలిపి ఉత్తరంలో రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న