కళింగపట్నంలో సముద్రానికి వీపు పెట్టి నిలబడండి

"ఒక్క పూట కళింగపట్నం వెళ్తున్నాను, ఫోన్‌తోనే మంచి ఫోటోలు రావాలంటే ఏ టైముకి వెళ్లాలి, ఏ లెన్స్ కొనాలి?" అని ఒకరు అడిగారు. లెన్స్ ఏమీ కొనక్కర్లేదు. తెల్లారకముందే ఇసుకలో ఉండండి. మన శ్రీకాకుళం తీరం తూర్పు ముఖం, సూర్యుడు సముద్రంలోంచి లేచి సాయంత్రం ఊరి వెనక దిగిపోతాడు. సంక్రాంతి రోజుల్లో ఆరున్నరకి కాస్త ముందు, మే నెలాఖరులో అయిదుంపావు దాటగానే లేస్తాడు. ఆ తర్వాత గంటన్నర దాటితే వెలుగు తెల్లబడిపోతుంది. సాయంత్రమే కుదురుతుందంటే వంశధార సముద్రంలో కలిసే చోటికి నడవండి, పడమటి రంగులు నదినీళ్లలో దొరుకుతాయి.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. రెండేళ్ల కిందట జనవరిలో గారలో మా పిన్ని ఇంట్లో పడుకుని, చీకటితోనే కళింగపట్నం వెళ్లాను. అప్పుడే వల ఒడ్డుకి లాగారు. ఒక మామ్మ పట్టా పరుచుకుని చేపల్లో కవళ్లు ఒక పక్కకి, నెత్తళ్లు ఒక పక్కకి ఏరుతోంది. ఆకుపచ్చ గాజులకి చేప పొలుసులు అంటుకుని చమ్కీల్లా మెరుస్తున్నాయి. ఫోటో తీసుకోనా అంటే తలూపింది. సూర్యుణ్ని ఆమె వెనక పెట్టి తీశాను. నల్లటి ఆకారం, చుట్టూ బంగారు అంచు. చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు.

ప్రింటు తెచ్చిస్తానని మాటిచ్చాను కాబట్టి నెల తిరక్కుండా పట్టుకెళ్లాను. ఆమె చేతులు చీరకి తుడుచుకుని, రెండు వేళ్లతో అంచు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ, ఇది నానేనా? మొగమేదీ?"

నాకు నోట మాట రాలేదు. అన్ని మెచ్చుకోళ్లు వచ్చిన ఫోటోలో ఆ మనిషే లేదు. వెంటనే నీళ్ల అంచుకి వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఎండ నా భుజం మీదుగా వెళ్లి ఆమె మొహం మీద పడింది. ముక్కుపుడక, నుదుటి మీద ముడతలు, కళ్ల కింద ఆరిన ఉప్పు, అన్నీ కనిపించాయి. ఆ రోజు నుంచి నేను తీరంలో మనుషుల్ని ఇలాగే తీస్తున్నాను. పొద్దున ఎండ నేరుగా మొహాల మీద పడే వరం తూర్పు తీరానిది. దాన్ని వదిలేసి అందరినీ నల్లబొమ్మలు చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. పెళ్లి షూటింగులకి వచ్చినవాళ్లు వల ఆరేసుకున్న చోటు ఖాళీ చేయమనడం, పడవ పక్కకి జరపమనడం కళ్లారా చూశాను. ఆ ఒడ్డు జాలర్లు పనిచేసుకునే చోటు. మన ఆఫీసులోకి ఎవరో వచ్చి బల్ల జరపమంటే ఊరుకుంటామా? నీళ్లకి నీలిరంగు ఫిల్టర్లు కూడా వద్దు. వానాకాలంలో వంశధార వరద కలిసి ఆ సముద్రం ఎర్రమట్టి రంగులో ఉంటుంది, అలాగే ఉండనివ్వండి.

ఉప్పుగాలికి పది నిమిషాల్లో ఫోన్ లెన్స్ మీద పొర కడుతుంది, మెత్తటి నూలుగుడ్డ జేబులో పెట్టుకోండి. ఎండ ముదిరాక దగ్గర్లోనే ఉన్న శాలిహుండం కొండెక్కండి. అక్కడి పాత బౌద్ధ ఇటుక స్తూపాల దగ్గర నుంచి వంశధార మలుపు బాగా కనిపిస్తుంది. లైట్‌హౌస్ ఎలాగూ అందరూ తీస్తారు.

ఎవరి ఫోటో తీసినా ఆ ఒడ్డునే వాళ్లకి ఫోన్ చూపించండి. మామ్మకి రెండో ఫోటో చూపిస్తే, "ఆఁ, ఇది నానే" అని, "రెండు తీయించు బాబూ, ఒకటి మా కూతురికి" అంది.