బావ హోమ్ లోన్‌కి హామీ సంతకం పెడితే నా ఇల్లు పోతుందా?

మీ బావ తిరుపతిలో ఫ్లాట్ కొని ఆరు నెలలుగా ఈఎంఐ ఆపేశాడు, మీరు జామీను సంతకం పెట్టారు, అందుకని చిత్తూరులో ఉన్న మీ ఇంటికి కూడా తాళం వేస్తారేమోనని టెన్షన్. అంత త్వరగా ఏమీ కాదు గానీ, నిర్భయంగా కూర్చోవడానికీ లేదు.

ముందు బావ ఫ్లాట్ సంగతి. వాయిదా 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. తర్వాత, తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే తీసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, బాకీ కట్టమని 60 రోజుల నోటీసు పంపుతారు. దానికి రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి, చాలామంది ఈ అవకాశాన్నే వదిలేస్తారు. అప్పటికీ కట్టకపోతే స్వాధీన నోటీసు. కొర్లగుంటలో మా వీధిలో ఒకరి గేటుకు అంటించారు, పేపర్లో కూడా వేశారు, పాపం ఆ ఇంటావిడ వారం రోజులు బయటికే రాలేదు. కాగితం అంటించినంత మాత్రాన ఆ రోజే ఖాళీ చేయించరు, ఖాళీ చేయనంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకుంటారు. స్వాధీనం మీద 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. వేలం ప్రకటన వెలువడేలోపు బాకీ మొత్తం కట్టేస్తే ఇల్లు దక్కుతుంది.

ఇక మీ సంగతి. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం, ముందు బావను అడగండి అంటే కుదరదు. కాకపోతే మీ ఇల్లు తనఖా పెట్టకుండా ఉత్త సంతకమే పెట్టి ఉంటే, బ్యాంకు దాన్ని సర్ఫేసీ కింద నేరుగా తీసుకోలేదు, డీఆర్‌టీలోనో సివిల్ కోర్టులోనో గెలిచి రావాలి. కాబట్టి ముందు ఆ రోజు సంతకం పెట్టిన కాగితాల కాపీ అడిగి తెచ్చుకోండి.