పాత బోటు ఏమవుతుంది, దాని గేరుబాక్సు మనకు పనికొస్తుందా?

మీ నాన్నగారి నలభై అడుగుల చెక్కబోటుకు గేరుబాక్సు పోయిందనీ, కొత్తది కొనే స్తోమత లేదనీ, పాత బోట్లు విప్పి అమ్మే చోటు ఎక్కడైనా ఉందా అనీ అడిగారు. మన తీరంలో అలాంటి చోటు ఒక్కటంటూ లేదు. కారుకైతే పాత సామాన్ల వీధి ఉంటుంది. బోటు మాత్రం కట్టేసిన ఒడ్డునే నెలల తరబడి కొంచెం కొంచెంగా ఖాళీ అవుతుంది. అది ఏ వరుసలో ఖాళీ అవుతుందో తెలిస్తే, మీకు కావలసింది ఎవరి దగ్గర ఉంటుందో తెలిసిపోతుంది.

కాకినాడలో మాకూ ఒక బోటు ఉండేది. 2016లో దాన్ని మేమే విప్పి అమ్ముకున్నాం. ముందు జీపీఎస్, చేపలు చూసే యంత్రం, వైర్‌లెస్ పోయాయి. మా సరంగు, అంటే బోటు నడిపేవాడు, వాటిని తాను కొత్తగా చేరిన బోటులో పెట్టించుకున్నాడు. తర్వాత వలలు, తాళ్లు, వల లాగే వించి. ఇంజినును చైన్ బ్లాకుతో (గొలుసు కప్పీతో) పైకి లాగడానికి కేబిను సగం పీకేయాల్సి వచ్చింది. దాన్ని రొయ్యల చెరువుల వాళ్లు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పుకోవడానికి పట్టుకెళ్లారు. ఆఖరున మంచి పోటు చూసి బోటును ఒడ్డుకు ఎక్కించి, పాటుకు నీరు దిగాక ప్రొపెల్లర్‌ను, దాన్ని తిప్పే షాఫ్టును ఊడదీశాం.

ఇక మిగిలింది చెక్క. నీటికి పైనున్న టేకు పలకలు బాగానే ఉన్నాయి. నీటి కింద ఉన్నవి పురుగు తొలిచి తేనెపట్టులా అయిపోయాయి. మంచి పలకల్లోనూ ప్రతి మేకు చుట్టూ తుప్పు దిగి నల్లటి మచ్చ. ‘లోపల విరిగిన మేకు ఒక్కటి తగిలినా నా రంపం పళ్లు పోతాయి’ అని కోత మిల్లు ఆయన వద్దన్నాడు. చాలావరకు వంటచెరకుగా వెళ్లిపోయింది. కేబిను తలుపు మాత్రం ఇప్పటికీ మా పెరట్లో స్నానాల గదికి ఉంది. దాని మీద ఐఎన్‌డీ ఏపీ అనే అక్షరాలు, బోటు నంబరులో సగం కనబడుతూనే ఉంటాయి.

ఫైబర్ బోట్ల గతి ఇంకా అన్యాయం. కుళ్లదు, కరగదు, కాలిస్తే ఊపిరాడని పొగ. ఇంజిను తీసేశాక ఒట్టి డొల్లను ఊరికే ఇస్తామన్నా తీసుకునేవారు ఉండరు. రేవుల పక్కన బోర్లా పడి ఉండేవి అవే.

ఇప్పుడు మీ గేరుబాక్సు సంగతి. ఇందులో నేను డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా పాతది అరిగిపోయినప్పుడు, విప్పేసిన వేరే బోటుది ఒకటి చవకగా దొరికింది. చూడటానికి అచ్చం మాదానిలాగే ఉంది. మీద నిష్పత్తి రాసి ఉండే రేకు ఊడిపోయింది, నేనూ పట్టించుకోలేదు. బిగించి రేవు దాటేసరికి పొగగొట్టం నుంచి నల్లటి పొగ. ఇంజిను ఎంత తొక్కినా వేగం అందుకోదు. మాది మూడింటికి ఒకటి, ఇంజిను మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది. తెచ్చింది రెండింటికి ఒకటి. అంటే పెద్ద ప్రొపెల్లర్‌ను ఒకటిన్నర రెట్లు వేగంగా తిప్పమని ఇంజిను మెడ మీద కూర్చున్నామన్నమాట. అమ్మినవాడు తిరిగి తీసుకోలేదు.

ఈ నిష్పత్తిని కనిపెట్టడానికి ఒక సుద్దముక్క చాలు. లీవరుతో పడే రకమైతే ముందుకు గేరు వేసి, షాఫ్టు వైపు చక్రం మీద సుద్దతో గీత పెట్టండి. ఇంజిను వైపు చేత్తో తిప్పుతూ, గీత ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా మీరు ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టండి. ఆయిల్ ప్రెషర్‌తో పట్టే రకమైతే ఇంజిను నడవందే గేరు పడదు. రేకు లేకపోతే మూత విప్పి పళ్లు లెక్కించాల్సిందే. ఎలాగూ చూస్తారు కదా, అడుగున ఉన్న నూనెను కొంచెం వేలితో తీసి చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం. అది ఎంత చవకైనా వదిలేయండి.

ప్రొపెల్లర్ కూడా కొనాల్సి వస్తే తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గంటలా మోగాలి. డబ్‌మని చచ్చు శబ్దం వస్తే ఎక్కడో పగులు ఉన్నట్టే. అంచును ఆకురాయితో కొంచెం గీకితే పసుపు రంగు కనబడాలి. గులాబీ రంగు తిరిగితే లోహంలోని జింకును ఉప్పునీరు తినేసిందన్నమాట. మిగిలింది గుల్లబారిన రాగి, చిన్న దెబ్బకే రెక్క విరుగుతుంది.

వెతకడానికి మంచి కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం. బోట్లన్నీ మరమ్మతుకు ఒడ్డునే ఉంటాయి, ఏది మళ్లీ నీటిలోకి దిగదో అప్పుడే తేలుతుంది. పాత ఇనుము కొట్లకు ముందు వెళ్లకండి, అక్కడికి చేరేసరికి మంచివన్నీ ఎవరో ఒకరు ఏరుకుని ఉంటారు. మెకానిక్కులను, సరంగులను అడగండి. కాకినాడతో ఆగకుండా విశాఖ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లోనూ చెప్పి ఉంచండి.

గుజరాత్‌లోని అలంగ్ గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. 1983 నుంచి అక్కడ పెద్ద ఓడలు విరగ్గొడుతున్నారు. మేము చేసిన పనే, కాకపోతే ఖంభాత్ సింధుశాఖలో వచ్చే భారీ పోటు మీద ఏకంగా ఓడనే ఒడ్డెక్కిస్తారు. దారి పొడవునా కొట్లు, మంచాల నుంచి లైఫ్‌బోటు ఇంజిన్ల దాకా అన్నీ దొరుకుతాయి. చూడటానికి సరదాగా ఉంటుంది కానీ, మన గేరుబాక్సు కోసం అంత దూరం వెళ్తే రానుపోను ఖర్చులే మిగులుతాయి. వెళ్లినా పాత లైఫ్ జాకెట్లు మాత్రం కొనకండి, లోపలి నురగ చచ్చిపోయి ఉందో లేదో పైకి తెలియదు.

ఎక్కడ కొన్నా అమ్మినవారి సంతకంతో, పాత బోటు నంబరుతో కాగితం రాయించుకోండి. రేవుల్లో దొంగ సామాను కూడా తిరుగుతుంది. ఇంజిను కూడా మారుస్తుంటే మత్స్యశాఖ కార్యాలయంలో ముందే చెప్పండి.

మీ ఇంజిను ఎన్ని హెచ్‌పీ, ప్రొపెల్లర్ బొడ్డు (రెక్కలు కలిసే నడిమి భాగం) మీద చెక్కిన అంకెలు ఏమిటి? రాస్తే మీకు ఏ నిష్పత్తి గేరుబాక్సు సరిపోతుందో లెక్కవేసి చెబుతాను.