రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు

ప్రశ్న: మా ఆయన కశ్మీర్ సరిహద్దులో పనిచేసి ఏడాది క్రితం రిటైరై వచ్చాడు. టపాకాయ పేలితే మంచం దిగి గోడకు ఆనుకుంటాడు, నిద్రలో అరుస్తాడు, లేపబోతే చెయ్యి విసిరాడు. ఈమధ్య మందు కూడా ఎక్కువైంది. మా అత్తయ్య గాలి సోకిందని కసుమూరు దర్గాకు తీసుకెళ్లమంటోంది. - ఓ సోదరి, కావలి

జవాబు: దర్గాకు వెళ్లిరండమ్మా, దానివల్ల నష్టమేం లేదు, కానీ అక్కడితో ఆగిపోవద్దు. మీరు చెప్పినవి చూస్తే పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవాల తర్వాత మనసుకు పట్టుకునే జబ్బు, అనిపిస్తోంది, ఖాయం చేయాల్సింది మాత్రం సైకియాట్రిస్టే. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్నే షెల్ షాక్ అన్నారు, పిరికితనమని శిక్షించిన సైన్యాలూ ఉన్నాయి. 1980లో గానీ వైద్యులు దీనికి ఇప్పటి పేరు పెట్టలేదు. ప్రమాదం ఎప్పుడో దాటిపోయినా ఒళ్లు మాత్రం ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది, అంతే, పిచ్చి కాదు.

నిద్రలో ఉన్నప్పుడు తాకి లేపకండి, దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. మందు తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది, తెల్లవారుజామున పీడకలలు ఇంకా ముదురుతాయి. రిటైరయ్యాక సెక్యూరిటీ ఉద్యోగం కోసం లైసెన్సు తుపాకీ తీసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు కదా, మీ ఇంట్లోనూ ఉంటే ముందు దాన్ని బయటికి పంపించండి, ఈ ఒక్కటీ వాయిదా వేయొద్దు.

కౌన్సెలింగ్‌తో, కొందరికి మాత్రలతో కూడా బాగా తగ్గుతుంది, కాకపోతే మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుంటే వాళ్ల పాలీక్లినిక్‌లో సైకియాట్రిస్టుకు రిఫరల్ అడగండి. ఆయన రానంటే ముందు మీరే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.